మేకుకు వేలాడే ఊరు

మా ఇంటి నడవలో, తలుపు పక్కన, జానెడు పొడవు మేకు ఒకటి ఉంది. మా ఊరి జనాభా ఎంతో తెలియాలంటే ఏ ఆఫీసుకూ పోనక్కరలేదు, ఆ మేకు ముందు నిలబడితే చాలు. మేకు ఖాళీగా ఉంటే ఊరు నిండుగా ఉన్నట్టు. మేకు వంగిపోయి, గోడ పెళ్లలూడి, దాని కింద పడుకునే పిల్లి ప్రాణభయంతో పొయ్యి దగ్గరికి మకాం మార్చిందంటే ఊరు ఖాళీ అయినట్టు.

మా పడమటి కర్నూలు పల్లెల్లో దీపావళి దాటగానే సుగ్గి మొదలవుతుంది. సుగ్గి అంటే కూలికి వలస పోవడం. పత్తి ఏరడం అయిందనిపించి, శెనిక్కాయ పీకి (అది కాసిన ఏడైతే), జనం గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. టెంపోలు వచ్చి వీధి మొదట్లో నిలబడతాయి. రొట్టెల పెనాలు, నీళ్ల డ్రమ్ములు, బొంతలు, కోళ్లు, చంటిపిల్లలు, అన్నీ ఎక్కాక మనుషులు ఎక్కుతారు. ఒక్కో టెంపోలో ఎంతమంది పడతారో ఒకసారి లెక్కపెట్టబోయాను. వంద దాటాక వదిలేశాను. అప్పటికింకా డ్రైవరు ఎక్కలేదు.

పోయేవాళ్లు తలుపుకు బీగం వేసి, తాళంచెవి నాకు ఇచ్చి పోవడం మా ఊరి పద్ధతి. నేను దర్జీని, సుగ్గికి పోను. కాబట్టి ఊరి తాళంచెవులన్నీ నా దగ్గరే. ఎవరిది ఏదో మరిచిపోకుండా ప్రతి చెవికీ ఒక గుడ్డపీలిక కట్టి, ఆ మేకుకు తగిలిస్తాను. ఆకుపచ్చ పూల చీట్లగుడ్డ తూర్పు వీధి మొదటి ఇల్లు, స్కూలు చొక్కా నీలం పీలిక దాని ఎదురిల్లు, రవిక అంచు బావి పక్క ఇల్లు. చెవితో పాటు పనులు కూడా అప్పగిస్తారు. "మా బర్రె ఈనితే ఫోన్ చెయ్యప్పా", "వానొస్తే మిద్దె మీద మిరపకాయలు తియ్యప్పా" అంటారు. వాన వస్తే సుగ్గికి ఎందుకు పోతారని నేను అడగను.

ఉగాదికి వాళ్లు తిరిగొచ్చి చెవులు తీసుకుపోయే దాకా ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, కొన్ని పశువులు, నేను, మా అక్క. ఇక బస్సు.

ఆ బస్సు గురించి చెప్పాలి. పొద్దున ఏడుకు ఒకసారి, సాయంత్రం అయిదుకు ఒకసారి వస్తుంది. వస్తుందంటే, ముందు దాని చప్పుడు వస్తుంది, తరువాత దుమ్ము వస్తుంది, ఆ దుమ్ము సర్దుకున్నాక చూస్తే బస్సు పోయి ఉంటుంది. కిటికీలకు అద్దాలు లేవు. ఒక కిటికీకి ఉంది, కాని అది తెరుచుకోదు. మా ఊరి రోడ్డు మీద దాన్ని నడిపిన డ్రైవర్లు రిటైరయ్యాక కూడా ఇంట్లో కుర్చీలో ఎగిరెగిరి పడుతుంటారని విన్నాను. నేనే చెప్పి నేనే విన్నాను, అయినా నిజమే అయి ఉంటుంది.

ఆ బస్సు మీద మా అక్క ప్రాణం ఉంది. ఈ మాటలో మాత్రం నేను అంగుళం కూడా పెంచలేదు.

అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది, మిషన్ తొక్కడం నేర్పింది, నా కత్తిరింపు చూసి ఈరోజుకీ ముఖం చిట్లిస్తుంది. "కొలతకు రెండంగుళాలు ఎక్కువ కోస్తావు, మాటకు రెండు గజాలు ఎక్కువ చెప్తావు" అంటుంది. రెండేళ్ల కింద ఆమె కిడ్నీలు రెండూ పని మానుకున్నాయి. మంగళవారం, శుక్రవారం టౌనుకు పోయి, ఆసుపత్రిలో నాలుగు గంటలు మిషన్ మీద పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. తొమ్మిదిన్నరకు మంచం దగ్గర ఉండాలి. లేకపోతే ఆ మంచం ఇంకొకరిది. రోజుకు అర లీటరు నీళ్లకు మించి తాగొద్దని డాక్టరు చెప్పినప్పుడు అక్క నవ్వింది. "అంతకంటే మించి మా వూరి కొళాయి యాడ ఇస్తాది సార్" అంది.

ఏడు గంటల బస్సు ఎక్కితే తొమ్మిదింటికి ఆసుపత్రి. డ్రైవరు వెనక సీటు అక్కది. కండక్టరు ఆ సీట్లో ముందుగానే తన సంచి పెట్టి ఉంచేవాడు. సంచి తీస్తూ "రాక్కా, నీ సింహాసనం" అనేవాడు. ఈ బస్సు లేకపోతే హైవే దాకా తొమ్మిది కిలోమీటర్లు. అందులో మూడు కిలోమీటర్లు రోడ్డు, మిగతాది రోడ్డు అనే నమ్మకం.

ఇక నేను చేసిన పని చెబుతాను.

పోయిన వానాకాలం పంచాయతీ కార్యదర్శి అమ్మాయి స్కూటరు మీద వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, నాలుగు ఊర్లు ఆమె నెత్తిన ఉన్నాయి. ఊరి వివరాల ఫారం నా కత్తెర పక్కన పెట్టింది. జనాభా, ఇళ్లు, దగ్గరి రైల్వే స్టేషను, బస్సు సౌకర్యం, ప్రైవేటు వాహనాలు, ఇవీ కాలమ్‌లు.

"అన్నా, నీ దస్తూరి బాగుంటాదంట. నింపి పెట్టు, రేపు తీసుకుపోతా" అంది.

ఆ సాయంత్రం నేను ఆ ఫారం ముందు పెళ్లికొడుకు షేర్వాణీ కత్తిరిస్తున్నంత శ్రద్ధగా కూర్చున్నాను. చిన్న ఊరని రాస్తే చిన్న బస్సు కూడా తీసేస్తారు, పెద్ద ఊరని రాస్తే రెండో బస్సు వేస్తారు, ఇదీ నా ఆలోచన. అందుకని ఊరికి కాస్త వదులు పెట్టి కుట్టాను. జనాభాలో సుగ్గికి పోయి మేకు మీద చేరేవాళ్లందరినీ కలిపాను, పుట్టబోయే వాళ్లను కూడా కలిపాను. రైల్వే స్టేషను దగ్గరలో అని రాశాను, తూర్పు గాలి వీస్తే రైలు కూత వినిపిస్తుంది కదా. ఆటోలు నాలుగు అన్నాను. వాటిలో ఒకటి యజమానితో పాటు సుగ్గికి పోతుంది. ఇంకోదానికి ఇంజను లేదు, అందులో కోళ్లు గుడ్లు పెడతాయి. మూడోది పక్క ఊరిది, దారి తప్పినప్పుడు వస్తుంది. నాలుగోది కొనాలని ఒకాయన పదేళ్లుగా అనుకుంటున్నాడు. చివరి గడిలో "ప్రైవేటు వాహనాలు ఎల్లవేళలా లభించును" అని రాసి, కింద గీత కూడా గీశాను.

అక్క మంచం మీద నుంచి అడిగింది.

"ఏం రాస్తాండావురా అంతసేపు?"

"ఊరి గురించి."

"మన వూరి గురించేనా?"

నేను కాగితాన్ని కాస్త పక్కకు తిప్పుకున్నాను.

దీపావళి పోయింది. టెంపోలు వచ్చాయి, మేకు వంగింది. ఒక శుక్రవారం కండక్టరు తన సంచి తీసి అక్కను కూర్చోబెట్టి, నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, వచ్చే నెల నుంచి ఈ బండి మీ వూరికి రాదంట. డిపోలో మాటలు విన్యా."

"ఏంటికి రాదు?"

"మీ వూర్లో ఆటోలు శానా ఉండాయంట గదా."

అక్కను ఆసుపత్రి మంచం ఎక్కించి నేరుగా డిపోకు పోయాను. అక్కడి సారు మంచివాడే. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు, ఫైలు తిప్పి ఒక కాగితం నా ముందు పెట్టాడు. నా దస్తూరి ముత్యాల్లా మెరుస్తోంది. ఎల్లవేళలా లభించును. కింద గీత.

"చూడప్పా, పక్క రూట్లో ఆటో కూడా లేని ఊర్లు మూడు ఉన్నాయి. బండి ఒకటే. మీకు అన్నీ ఉన్నాయని మీ వూరోళ్లే రాసిచ్చినారు" అన్నాడు.

"సార్, అది రాసింది నేనే. అబద్ధం సార్."

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశాడు. నా జీవితంలో నేను చెప్పిన ఒకే ఒక పూర్తి నిజం అదే. దాన్ని ఆయన నమ్మలేదు. బస్సు కోసం ఇప్పుడు అబద్ధమాడుతున్నానని అనుకున్నాడు. నేను అక్క సంగతి చెప్పాను, ఏడ్చాను కూడా. చివరికి ఆయన మెత్తబడ్డాడు.

"సరే, మూడు రోజులు మా మనిషిని పంపుతా. బండిలో కూచుని తలకాయలు లెక్కపెడతాడు, ఊర్లో కూడా విచారిస్తాడు. పొద్దున ట్రిప్పుకు ఇరవై మంది ఎక్కినారంటే బండి ఉంటాది. అంతకు మించి నా చేతుల్లో లేదు."

ఊళ్లో ఉన్నదే ముసలివాళ్లు. ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాను. మంగళవారం నుంచి మూడు రోజులు అందరూ బస్సెక్కండి, టౌను దాకా అక్కర్లేదు, హైవేలో దిగి సాయంత్రం తిరిగి రండి, టీ, ఉగ్గాని, బజ్జీ నావి అన్నాను. లెక్కపెట్టే మనిషి వస్తాడని చెప్పడం మాత్రం నాకు తోచలేదు. అక్క పేరు చెప్పగానే ఎవరూ మారు మాట్లాడలేదు. వాళ్ల రవికలన్నీ కుట్టింది ఆమే. ఇరవై మంది కావాలంటే ముప్పై ఇద్దరు సరే అన్నారు. మా ఎదురింటి తాత, కుంటికాలు ఆయన, అందరికంటే ముందు మాట ఇచ్చాడు.

"నీయక్క కోసం మూడు దినాలు కాదప్పా, ముప్పై దినాలు ఎక్కుతా" అన్నాడు.

మంగళవారం ఆరున్నరకే నేనూ అక్కా స్టాపు దగ్గర ఉన్నాం. అక్క ఆ పొద్దున కాస్త మంచి చీర కట్టుకుంది. బస్సు వచ్చింది. ముందు సీట్లో తెల్ల చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో పొడవాటి పుస్తకంతో డిపో మనిషి కూర్చున్నాడు. నేను వీధి వైపు చూశాను. వీధి ఖాళీ. ఒక మేక వచ్చింది. అది కూడా బస్సును చూసి వెనక్కి తిరిగింది.

"ఇంతేనా?" అన్నాడు డిపో మనిషి.

"ఒచ్చాండారు సార్. ముసలోళ్లు గదా, నిదానం."

అయిదు నిమిషాలు ఆగింది బస్సు. మా బస్సు అయిదు నిమిషాలు ఆగడం అదే మొదటిసారి. డిపో మనిషి పుస్తకంలో రెండు అని రాసుకున్నాడు. "మీరు పోండి, నేను ఊర్లో విచారించి వస్తా" అని దిగాడు. అక్కకు మంచం టైము దాటిపోతుందని మేం బస్సులోనే ఉండిపోయాం. ఆ నాలుగు గంటలూ అక్క రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే నేను ఆ మనిషి ఊళ్లో తిరుగుతున్న దారి తలుచుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం దిగగానే ఎదురింటి తాత అరుగు మీదికి పోయాను. ఆయన రెండో కాలికి కూడా గుడ్డ చుట్టుకుని ఉన్నాడు.

"ఏం తాతా, మాటిచ్చి రాలేదు?"

"సన్నగా మాట్లాడు. ఆయప్ప పోయినాడా?"

"ఎవరు?"

"పింఛన్ల తనిఖీ ఆయప్ప. తెల్ల చొక్కా. సందులో నుంచే చూసినా నేను. పుస్తకం చూడగానే తెలిసిపాయ. అందరికీ చెప్పినా, ఎవురూ గడప దాటొద్దని."

విషయం ఇది. అంతకుముందు పక్క ఊళ్లో వికలాంగుల పింఛన్లు తనిఖీ చేశారు. నడవగలిగినవాళ్లకు నోటీసులు వచ్చాయి. బస్సెక్కినవాడు నడవగలిగినవాడేనని రాసేస్తారని మా వాళ్ల భయం. తాత కాలు నిజంగానే కుంటిది, కాని అధికారి కనపడితే ఇంకాస్త కుంటిదవుతుంది. ఆయన ఒక్కడి హెచ్చరికతో ఊరు ఊరంతా మంచాల మీద పడుకుంది. డిపో మనిషి ఇల్లిల్లూ తిరిగి, చాలా మర్యాదగా, "మీరు బస్సెక్కుతారా పెద్దాయనా?" అని అడిగాడట. అడిగినవాళ్లంతా మూలుగుతూ ఒకటే సమాధానం.

"బస్సా? దాని మొగం చూసి పదేండ్లాయ సార్" అని ఒకరు. "నన్ను ఎత్తి కూచోబెట్టాలన్నా ఇద్దరు కావల్ల" అని ఇంకొకరు. మిర్చి బజ్జీకి ఒప్పుకున్న ఒక అవ్వ అయితే "బస్సంటే ఎట్లుంటాది సార్?" అని అడిగిందట.

"తాతా, ఆయప్ప లెక్కపెట్టేది బస్సెక్కేటోళ్లను. ఎక్కకపోతే బస్సు తీసేస్తారు."

తాత కాలికి చుట్టిన గుడ్డ విప్పడం మొదలుపెట్టాడు. సగం విప్పి ఆపాడు.

"నిజమేనా? నువ్వు ఊరికే పెంచి చెప్తాండావా?"

నన్ను నమ్మకపోవడానికి ఆయనకు యాభై ఏళ్ల కారణాలు ఉన్నాయి.

బుధవారం నేనొక్కడినే ఎక్కాను. తరువాతి మలుపులో దిగి, అడ్డదారిన పరుగెత్తి, తలకు తువ్వాలు చుట్టి మళ్లీ ఎక్కాను. డిపో మనిషి కాసేపు నా వైపు చూసి, "ఒకసారే రాస్తానన్నా" అన్నాడు, జాలిగా. గురువారం తాత ఒక్కడు కుంటుకుంటూ వచ్చాడు. ఇంకో ముగ్గురిని బతిమాలి తెచ్చాడు. వాళ్లు తెల్ల చొక్కాను చూసి బస్సు మెట్టు మీద నుంచే వెనక్కి తిరిగారు. మూడో రోజు లెక్క కూడా రెండే, తాతా నేనూ.

నెల మొదటి రోజున చప్పుడు రాలేదు, దుమ్ము రాలేదు.

అదే వారం శుక్రవారం పక్క ఊరి నుంచి పాత మోటారుసైకిలు అడిగి తెచ్చాను. అక్కను వెనక కూర్చోబెట్టి, ఆమె నడుమూ నా నడుమూ కలిపి పొడవాటి తువ్వాలుతో గట్టిగా ముడేశాను. పోయేటప్పుడు బాగానే ఉంది. "కొలత సరిపోయిందిరా, ఇదొక్కటే నువ్వు బిగుతుగా కట్టినావు" అని నవ్వింది. వచ్చేటప్పుడు ఆమెలో శక్తి లేదు. గుంతల దగ్గర ఆమె తల నా వీపుకు కొట్టుకుంటుంటే ఉందా, పడిపోయిందా అని "అక్కా" అని పిలుస్తూనే ఉన్నాను. ప్రతిసారీ "ఊ" అంది. ఆరు కిలోమీటర్లలో ఎన్ని గుంతలో నాకు ఇప్పుడు తెలుసు, పెంచకుండా చెప్పగలను. ఒక గుంత దగ్గర "ఊ" రాలేదు. బండి ఆపి, తువ్వాలు ముడి విప్పే ధైర్యం లేక, ఆమెను అలాగే వీపున మోస్తూ కంపచెట్టు నీడకు నడిచాను. కొంతసేపటికి "పోదాం పా" అంది.

తరువాతి మంగళవారం బండి దొరకలేదు. శుక్రవారం దొరికింది, దారిలో టైరు పోయింది. అక్క కాళ్లు వాచాయి, ముఖం వాచింది. రెండు దిండ్లు వేసినా పడుకోలేక కూర్చునే ఉండేది. ఆటో కోసం నేను ఎక్కని గడప లేదు. ఇంజను లేని ఆటో దగ్గరకు కూడా పోయి, గుడ్ల మీద ఉన్న కోడిని లేపి, లోపలికి తొంగి చూశాను. మనిషికి మతి ఎంత దూరం పోతుందో అప్పుడు తెలిసింది.

ఆ మరునాడే కార్యదర్శి అమ్మాయి వచ్చింది. సంగతంతా విని ఉంది. సంచిలో నుంచి కొత్త ఫారం తీసింది.

"అన్నా, మళ్లీ రాసిద్దాం. పై వాళ్లకు నేనే తీసుకుపోతా. కాకపోతే శానా దినాలు పడతాది."

అక్క గోడకు ఆనుకుని చూస్తోంది. నేను రాశాను. రైల్వే స్టేషను: లేదు. ఆటోలు: లేవు. బస్సు: లేదు. ప్రైవేటు వాహనాలు: లేవు. నా దస్తూరి అంత వికారంగా ఎప్పుడూ లేదు. జనాభా దగ్గరికి వచ్చేసరికి మేకు వైపు చూస్తూ ఆగాను. సుగ్గికి పోయినవాళ్లను కలపాలా, తీసేయాలా?

"వాళ్లను ఉంచు, ఉగాదికి వస్తారు" అంది అక్క. "మనిద్దర్నీ తీసెయ్యి."

"అంటే?"

"ఆసుపత్రి ఎనకాల బాడుగ గదులు ఉండాయంట. నర్సమ్మను పోయిన నెలలోనే అడిగి పెట్టినా. మిషన్ ఆడ తొక్కుదువులే, ఆడ కూడా జనం గుడ్డలు కట్టుకుంటారు."

పోయిన నెలలోనే అడిగిందట. అంటే నేను డిపోలో ఏడుస్తున్నప్పుడే, బజ్జీల ఆశ చూపి ముసలివాళ్లను పోగేస్తున్నప్పుడే, ఆమెకు తెలుసు. నన్ను ప్రయత్నించనిచ్చింది. నేను రెండు తలలు తీసేసి అంకె వేశాను. కార్యదర్శి అమ్మాయి ఫారం మడిచి, సంచిలో పెట్టుకుని స్కూటరు ఎక్కింది.

మిగిలిన సమస్య మేకు. చెవులన్నీ ఎవరికి ఇవ్వాలి? ఊరంతా నాకిచ్చి పోయింది, నేను ఎవరికిచ్చి పోవాలి? తెల్లవారగానే ఎదురింటి తాత వచ్చాడు. చేతిలో కర్ర ఉంది, కాలికి గుడ్డ లేదు.

"నాకియ్యప్పా. నేను యాడికీ పోనని గవర్నమెంటుకే చెప్పినా గదా" అన్నాడు. నవ్వబోయాడు, రాలేదు.

ఒక్కో పీలిక పట్టుకుని చెప్పాను. ఆకుపచ్చ పూలు తూర్పు వీధి. నీలం దాని ఎదురు. రవిక అంచు బావి పక్క, వాళ్ల బర్రె చూడి మీద ఉంది. ఆయన ప్రతిదీ తిరిగి చెప్పాడు, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా. అరగంట పట్టింది. తప్పు చెప్పినచోట మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు, నేను వద్దన్నా వినలేదు.

పక్క ఊరి నుంచి సుగ్గికి పోయే చివరి టెంపో టౌను మీదుగా పోతుందని తెలిసి ముందే మాట్లాడి ఉంచాను. అది వచ్చి హారన్ కొట్టింది. కుట్టుమిషన్ ఎక్కించాను, అక్క దిండ్లు రెండూ ఎక్కించాను. అక్కను టెంపోలోని ఇద్దరు ఆడవాళ్లు చేతుల మీద ఎత్తి బొంతల మధ్య కూర్చోబెట్టారు. నేను తలుపు వేసి, బీగం నొక్కి, చెవి తాత చేతిలో పెట్టాను.

"దీనికి గుర్తేమి కట్టల్లప్పా?" అన్నాడు.

గుడ్డపీలికల సంచి మిషన్‌తో పాటు మూటల అడుగుకు పోయింది. నేను అటూ ఇటూ చూస్తుంటే, పైనుంచి అక్క తన ఒళ్లో ఉన్న తువ్వాలు కొస పళ్లతో కొరికి, సర్రున చింపి, ఒక పీలిక కిందికి వేసింది. మోటారుసైకిలు మీద మమ్మల్నిద్దర్నీ కట్టిన తువ్వాలు అది.

తాత దాన్ని చెవికి ముడేశాడు. ఒక ముడి వేసి లాగి చూశాడు, చాలదని రెండో ముడి కూడా వేశాడు.